మొదటి వారం తగ్గేది నీళ్లే

మా వదిన ఉండేది చెన్నై టీ నగర్‌లో. పోయిన సంక్రాంతికి వాళ్లింటికి వెళ్తే వంటింట్లో ఉప్పు జాడీ పక్కన పెద్ద ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. బరువు తగ్గించే పొడి అట. పొద్దున టిఫిన్ మానేసి ఆ పొడి రెండు చెంచాలు నీళ్లలో కలుపుకుని తాగాలట. రాత్రి అన్నం ముట్టకూడదట. నెలకు నాలుగు వేలు ఖర్చు. "మొదటి వారంలోనే రెండున్నర కిలోలు తగ్గాను, తెలుసా?" అంది. ఆ తర్వాత నెలన్నర మాత్రం ముల్లు కదల్లేదట. విసుగొచ్చి మళ్లీ మామూలుగా తినడం మొదలుపెడితే నాలుగు రోజుల్లో రెండు కిలోలు తిరిగొచ్చాయట. "నా ఒళ్లే ఇంతేమో" అని బాధపడింది.

తప్పు ఆమె ఒంటిది కాదు. పోయిన ఆ రెండున్నర కిలోలు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మనం తిన్న అన్నం, ఇడ్లీ, చపాతీల్లోని పిండి పదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలోనూ కండరాల్లోనూ నిల్వ ఉంటుంది. పెద్దవాళ్లలో అది దాదాపు అరకిలో. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని తనతో పట్టి ఉంచుకుంటుంది. టిఫిన్, రాత్రి అన్నం రెండూ ఒకేసారి ఆపేస్తే ఒళ్లు ముందుగా ఈ నిల్వనే ఖర్చు పెడుతుంది. దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లు మూత్రంలో పోతాయి. మిషన్ మీద కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది కానీ అందులో కొవ్వు చాలా కొంచెం. మళ్లీ అన్నం తినగానే నిల్వ నిండుతుంది, దాంతోపాటే నీళ్లూ వచ్చి చేరతాయి. "వారంలో ఫలితం" అనే ప్రకటనలు చాలావరకు ఈ నీళ్ల మీదే బతుకుతున్నాయి. కష్టపడి సంపాదించిన డబ్బు ఇలా పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి కొవ్వు కరిగితే ఎటు పోతుంది? చెమటలో అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ భాగం పోయేది ఊపిరిలో. 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లెక్క కట్టి చూపించారు: పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితో బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. అలాగని కూర్చుని గబగబా ఊపిరి వదిలితే కొవ్వు పోదు. ఒంటికి ఇంధనం అవసరం పడాలి, ఆ ఇంధనం తిండి నుంచి సరిపోకూడదు. అప్పుడే కొవ్వు మండుతుంది.

ఒంట్లో ఒక కిలో కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. ఈ అంకె చూస్తే భయమేస్తుంది, కానీ రోజులకు పంచితే మనిషికి సాధ్యమయ్యేదే. వదినా నేనూ వంటింటి త్రాసు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆమె మధ్యాహ్నం కంచంలో రోజూ పెట్టుకునే అన్నం తూస్తే 420 గ్రాములు వచ్చింది. ఉడికిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు. దాన్ని 280 గ్రాములకు తెచ్చాం. ఆ ఖాళీలో బీరకాయ కూర, ఇంకో గరిటెడు పప్పు. పప్పులోని ప్రొటీనూ కూరలోని పీచూ కడుపు నిండిన భావాన్ని ఎక్కువసేపు నిలుపుతాయి కాబట్టి నాలుగింటికి జంతికల డబ్బా వైపు చెయ్యి పోలేదు. పోయినా మెరీనాలో అమ్మే సుండల్ లాంటిది ఇంట్లోనే చేసుకోవచ్చు: ఉడికించిన బఠాణీలు, పచ్చి మామిడి ముక్కలు, కాస్త కొబ్బరి.

కాఫీ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. రోజుకు మూడు ఫిల్టర్ కాఫీలు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. మొత్తం 30 గ్రాములు, అంటే 120 కేలరీలు. "కాఫీ మానమంటే మాత్రం మాననమ్మా" అంది. మానక్కర్లేదు. గ్లాసుకు అరచెంచా చేస్తే చాలు, 90 కేలరీలు మిగులుతాయి. పది రోజుల్లో నాలుకకు అలవాటైపోయింది.

అన్నంలో 180, కాఫీలో 90, నలభై నిమిషాల నడకలో సుమారు 150. మొత్తం 420. ఈ లెక్కన 18 రోజులకు ఒక కిలో. నిజానికి ఇంతకంటే నెమ్మదిగానే జరుగుతుంది. కొత్తగా చేరిన పప్పూ కూరల్లోనూ కొన్ని కేలరీలుంటాయి. పైగా బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన ఇంధనమూ తగ్గుతుంది కదా.

మాత్రల సంగతీ చెప్పాలి. కేరళలో చేపల పులుసులో వేసే కుడంపులి తెలుసు కదా, దాని సారంతో చేసిన గార్సీనియా మాత్రలు ఇప్పటికీ జోరుగా అమ్ముడవుతున్నాయి. 1998లో అమెరికాలో 135 మంది మీద 12 వారాలు పరీక్షించారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, అందరికీ పీచు ఎక్కువ, కేలరీలు తక్కువ ఉన్న తిండి. అసలు మాత్ర వేసుకున్నవాళ్లు సగటున 3.2 కిలోలు తగ్గారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లు 4.1 కిలోలు. అంటే బరువు తగ్గించింది తిండే. ఇంకొన్ని మాత్రలతో అసలుకే ముప్పు. గుండెకు ప్రమాదమని మన దేశం 2011లో నిషేధించిన సిబుట్రమిన్ అనే మందు, మూలికల పేరుతో అమ్మే మాత్రల్లో ఎన్నోసార్లు బయటపడింది.

చెన్నైలోనే జరిగిన ఒక పరిశోధన అంటే నాకు చాలా గౌరవం. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం, షుగరు వచ్చే అంచున ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలుగా ఉన్నవాళ్లలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి సరిచేసుకుని నడిచినవాళ్లలో 39 శాతం మందికే. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లదీ దాదాపు అదే ఫలితం. నడిచినవాళ్ల బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ మేలు జరిగింది. అందుకే వదినకు రోజూ మిషన్ ఎక్కొద్దని చెప్పి, నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోమన్నాను. మన దేశంలో ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్లు అంటారు. ఇప్పటికే షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి, లేకపోతే షుగరు మరీ పడిపోవచ్చు.

నడక ఎంత వేగంగా ఉండాలని వదిన అడిగింది. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, అంత వేగం. జనవరిలో వెంకటనారాయణ రోడ్డులోని నటేశన్ పార్కులో నాతో నడుస్తూ రెండో వాక్యానికే ఆగిపోయి, బెంచీ మీద చెయ్యి ఆనించి ఊపిరి పీల్చుకుంది. మొన్న ఫోన్ చేస్తే పార్కులోనే ఉంది. నడుము 94 నుంచి 89కి వచ్చిందని చెప్పింది. ఆవకాయకి కాయలు దొరికాయా అని అడిగింది. అన్నయ్య మీద చాడీలు కూడా చెప్పింది. పావుగంట సేపు, నడక ఆపకుండానే.