ఆసిలోస్కోప్: తెర మీద కనిపించేదంతా సర్క్యూట్‌లో ఉందా?

పనిలో చేరిన కొత్తలో ఒక బోర్డు ముందు రెండు రోజులు కూర్చున్నాను. ఆసిలోస్కోప్ (వోల్టేజీ కాలంతో పాటు ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే పరికరం, ముద్దుగా స్కోప్) తెర మీద క్లాక్ సిగ్నల్ ప్రతి అంచు దగ్గరా మీటిన తీగలా వణుకుతోంది. రెసిస్టర్లు మార్చాను, కెపాసిటర్లు వేశాను, తీశాను. ఏం చేసినా తగ్గలేదు. మూడో రోజు పక్క బెంచీ సీనియర్ వచ్చి, ప్రోబ్‌కి (స్కోప్ నుంచి వచ్చి సర్క్యూట్‌ను తాకే కొలత తీగకి) వేలాడుతున్న నల్ల గ్రౌండ్ వైరు పీకేసి, దాని చోట చిన్న స్ప్రింగ్ తొడిగి చూపించారు. వణుకు మాయం! బోర్డు శుభ్రంగానే ఉంది. రెండు రోజులూ నేను కొలిచింది నా ప్రోబ్‌ని.

ఇప్పుడు నేను కొత్తవాళ్లకి స్కోప్ నేర్పుతుంటే ఇలాంటి నమ్మకాలే మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి.

అపోహ: గ్రౌండ్ వైరు ఎంత పొడవున్నా ఒకటే, గ్రౌండ్ గ్రౌండే కదా.

15 సెంటీమీటర్ల వైరుకి సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ప్రోబ్ మొన దగ్గర 10 పికోఫారడ్ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే 130 మెగాహెర్ట్జ్ దగ్గర మోగే గంట తయారైనట్టే. వేగంగా లేచే అంచు వచ్చి ఆ గంటను కొడుతుంది, మనం బోర్డును తిట్టుకుంటాం. ఆడియో సిగ్నల్‌కి పొడుగు వైరు చాలు. అంచు కొన్ని నానోసెకన్లలో లేచేదైతే స్ప్రింగ్ వాడాల్సిందే.

అపోహ: మల్టీమీటర్ లాగే స్కోప్‌ను కూడా ఏ రెండు చోట్ల మధ్యనైనా పెట్టి కొలవొచ్చు.

ఈ ఒక్కటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. మెయిన్స్‌తో నడిచే బెంచి స్కోప్‌లో గ్రౌండ్ క్లిప్ లోపలి నుంచి నేరుగా ప్లగ్గు ఎర్త్ పిన్నుకి కలిసి ఉంటుంది. దాన్ని ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్ నేరుగా వచ్చే వైపు, తగిలించారంటే మెయిన్స్‌ను ఎర్త్‌కి షార్ట్ చేసినట్టే. పెద్ద శబ్దం, నల్లబడిన ట్రాక్, కాలిపోయిన క్లిప్.

దీనికి కొందరు చెప్పే మందు రోగం కన్నా చెడ్డది. ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమంటారు. అప్పుడు షార్ట్ అవ్వదు, నిజమే. కానీ స్కోప్ ఒంటి మీది లోహమంతా లైవ్ అయిపోతుంది, నాబ్ తిప్పే చెయ్యి మీదే. రెండు చోట్ల మధ్య తేడాను మాత్రమే కొలిచే డిఫరెన్షియల్ ప్రోబ్ ఉన్నది ఇలాంటి పనికే. అది లేకపోతే, వోల్టేజీ ప్రోబ్‌ల రేటింగ్‌లో ఉన్నంతవరకు, రెండు ఛానెళ్ల మొనలు రెండు చోట్ల పెట్టి, మ్యాథ్ మెనూలో ఒకదాన్నుంచి ఒకటి తీసేయొచ్చు.

ఇంకో సంగతి: మామూలు బెంచి స్కోప్‌లో అన్ని ఛానెళ్ల క్లిప్పులూ లోపల ఒకటే. సర్క్యూట్ బ్యాటరీ మీద నడుస్తున్నా, రెండు క్లిప్పులు రెండు వేర్వేరు చోట్ల పెడితే ఆ రెంటినీ మీరే షార్ట్ చేసినట్టు.

అపోహ: ఏసీ కప్లింగ్ ఏసీకి, డీసీ కప్లింగ్ డీసీకి.

పేరు చూసి అలా అనుకోవడంలో తప్పులేదు. డీసీ కప్లింగ్ ఉన్నది ఉన్నట్టు మొత్తం చూపిస్తుంది. ఏసీ కప్లింగ్ దారిలో ఒక కెపాసిటర్ పెట్టి డీసీ భాగాన్ని ఆపేస్తుంది. 12 వోల్టుల సప్లై మీద 20 మిల్లీవోల్టుల రిపుల్ (చిన్న అలజడి) చూడాలంటే అదే కావాలి. మిగతా వేళల్లో నేను డీసీలోనే ఉంచుతాను. నెమ్మదైన స్క్వేర్ వేవ్‌ను ఏసీలో చూస్తే చదునుగా ఉండాల్సిన తల వాలిపోయి కనిపిస్తుంది.

అపోహ: 1ఎక్స్‌లో సిగ్నల్ తగ్గదు కాబట్టి అదే మేలు.

చాలా ప్రోబ్‌ల మీద 1ఎక్స్, 10ఎక్స్ అని ఒక స్విచ్ ఉంటుంది. 10ఎక్స్‌లో సిగ్నల్ పదో వంతుకి తగ్గే మాట నిజమే, కానీ దానికి బదులుగా సర్క్యూట్ మీద బరువు కూడా తగ్గుతుంది. స్కోప్ లోపలి 1 మెగా ఓమ్‌కి ప్రోబ్‌లోని 9 మెగా ఓమ్‌లు తోడై 10 అవుతాయి. కెపాసిటెన్స్ తేడా ఇంకా ముఖ్యం: 1ఎక్స్‌లో మొన మీద సుమారు 100 పికోఫారడ్ల బరువు పడుతుంది. క్రిస్టల్ పిన్నుకి అలాంటి ప్రోబ్ తాకిస్తే ఆసిలేటర్ ఆగిపోవచ్చు. మీరేమో క్రిస్టల్ పోయిందనుకుంటారు. పైగా 1ఎక్స్‌లో మామూలు ప్రోబ్‌ల బ్యాండ్‌విడ్త్ (ఎంత ఫ్రీక్వెన్సీ దాకా పనికొస్తుందన్న హద్దు) కొన్ని మెగాహెర్ట్జ్‌లకే పడిపోతుంది.

10ఎక్స్ వాడేముందు ప్రోబ్‌ను సరిచేసుకోవాలి. స్కోప్ ముందు భాగంలో ఒక చిన్న లోహపు కొక్కెం ఉంటుంది. చాలా స్కోప్‌లలో అక్కడ 1 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ వస్తుంది. మొనను దానికి తగిలించి అంచు చూడండి. భుజం గుండ్రంగా జారితే సర్దుబాటు తక్కువైంది, కొమ్ములా పొడుచుకొస్తే ఎక్కువైంది. ప్రోబ్ మీది చిన్న స్క్రూను ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో, తల చదునయ్యేదాకా తిప్పాలి. అర నిమిషం పని.

మెనూలో కూడా 10ఎక్స్ అని పెట్టారా? లేదంటే 5 వోల్టులు అర వోల్టుగా కనిపిస్తాయి. ఇందులో పడనివాళ్లు లేరు.

అపోహ: 100 మెగాహెర్ట్జ్ స్కోప్ 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చక్కగా చూపిస్తుంది.

ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర 1 వోల్టు సైన్ వేవ్ సుమారు 0.7 వోల్టుగా కనిపిస్తుంది. ఆ అంకెకి అర్థమే అది. స్క్వేర్ వేవ్ అయితే దాని మూడో, అయిదో హార్మోనిక్‌లు (మూడు రెట్ల, అయిదు రెట్ల ఫ్రీక్వెన్సీ భాగాలు) రాక సైన్ వేవ్‌లా కనిపిస్తుంది. డిజిటల్ సిగ్నల్‌కి క్లాక్ కన్నా అయిదు రెట్ల బ్యాండ్‌విడ్త్ ఉండాలన్నది మా లెక్క.

అపోహ: 1 గిగా శాంపిల్ స్కోప్ ఎప్పుడూ సెకనుకి 1 గిగా శాంపిల్ తీసుకుంటుంది.

శాంపిల్ అంటే డిజిటల్ స్కోప్ ఒక క్షణంలో కొలిచి దాచుకునే ఒక పాయింట్. మెమరీ పది లక్షల పాయింట్లే అనుకోండి. టైమ్‌బేస్‌ను (తెర మీద అడ్డంగా ఒక్కో గడి ఎంత కాలమో చెప్పే సెట్టింగ్‌ను) గడికి 100 మిల్లీసెకన్లు పెడితే, పది గడులకి తెర మీద ఒక సెకను. పది లక్షల పాయింట్లు ఆ సెకనంతా సరిపోవాలి కాబట్టి రేటు సెకనుకి పది లక్షలకి పడిపోతుంది, అంటే వెయ్యో వంతు. అప్పుడు 999 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌ను ఆపి జూమ్ చేసి చూస్తే 1 కిలోహెర్ట్జ్‌లా కనిపిస్తుంది, అదీ ఎంతో శుభ్రంగా! అనుమానం వస్తే టైమ్‌బేస్ నాబ్‌ను వేగం వైపు తిప్పండి. కనిపించే ఫ్రీక్వెన్సీ మారిపోతే అది దొంగ తరంగం.

అపోహ: ఆటోసెట్ ఉండగా ట్రిగ్గర్ నేర్చుకోవడం ఎందుకు?

ఆటోసెట్ బటన్ నొక్కితే స్కోప్ సెట్టింగులన్నీ తానే పెట్టుకుంటుంది; సిగ్నల్‌ను ఏ క్షణాన పట్టుకోవాలో చెప్పేది ట్రిగ్గర్. పదే పదే వచ్చే సిగ్నల్ అయితే ఆటోసెట్ పట్టుకుంటుంది. పవర్ ఆన్ చేసినప్పుడు ఒక్కసారి వచ్చిపోయే పల్స్‌ను పట్టలేదు. దానికి ట్రిగ్గర్ లెవెల్ (ఎన్ని వోల్టులు దాటితే పట్టుకోవాలో) చూసుకుని, ఒక్కసారే పట్టి ఆగిపోయే సింగిల్ మోడ్‌లో పెట్టి, కాచుకుని కూర్చోవాలి.

అపోహ: ఇంత ఖరీదైన పరికరం మల్టీమీటర్ కన్నా కచ్చితంగా ఉంటుంది.

చాలా స్కోప్‌లలో ఏడీసీ (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) 8 బిట్లే, అంటే 256 మెట్లు. గడికి 5 వోల్టులు పెట్టి ఎనిమిది గడులు చూస్తే ఒక్కో మెట్టు దాదాపు 0.16 వోల్టు. రెగ్యులేటర్ ఇస్తున్నది 3.30 వోల్టులా, 3.28 వోల్టులా అని తేల్చాలంటే మల్టీమీటరే తీయండి.

తెర మీద వింతగా ఏదైనా కనిపిస్తే, నేను బోర్డు జోలికి పోకముందు ప్రోబ్ మొనను కూడా క్లిప్ ఉన్న చోటే తాకిస్తాను. అక్కడ చదునైన గీత రావాలి. అక్కడా ఆ వింత అలాగే ఉంటే, సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడి చేయక్కర్లేదు.