ఉప్పునీటి అక్వేరియంలో చేప డీలా పడితే: నెల్లూరు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. పొద్దున ఏడయ్యేసరికి అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు నుంచి నీళ్ళ సీసాలు వచ్చేస్తాయి. ఇంట్లో నాకూ ఒక ఉప్పునీటి అక్వేరియం ఉంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈమధ్య సీసాలతో పాటు ఫోన్లో వీడియోలు కూడా చూపిస్తున్నారు. "అన్నా, క్లౌన్ చేప రెండ్రోజుల్నించి మేత ముట్టడం లేదు. ఒంటి మీద మచ్చ కూడా లేదు. యాడో మూల నక్కి ఉండాది. ఏం మందెయ్యమంటావు?" అని అడుగుతారు.

మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మాటల వెనకున్న నమ్మకాలను ఒక్కొక్కటిగా విప్పాలి. చేపలు ఎక్కువగా పోయేది వాటివల్లే.

అపోహ: చేప ఒంటి మీద తెల్లమచ్చ వచ్చిందంటే రొయ్యకొచ్చే తెల్లమచ్చే.

మన జిల్లాలో ఈ పేరుకున్న భయం వేరు. 1994-95లో టైగర్ రొయ్య చెరువులను తుడిచిపెట్టిన రోగం అది. అది వైరస్. రొయ్య, పీత జాతులకే సోకుతుంది, చేపకు సోకదు. రొయ్య పెంకు లోపలి వైపు పేరుకునే తెల్లటి మచ్చలవి, గోకినా పోవు.

చేపకొచ్చే తెల్లమచ్చ వేరే జీవి పని. దాని పేరు క్రిప్టోకారియాన్. ఒకే కణం ఉన్న పరాన్నజీవి, చేప పైచర్మం కిందకి దూరి కూర్చుంటుంది. ఉప్పు చల్లినట్టు కనబడే ఒక్కో చుక్కలో ఒక్కో జీవి ఉంటుంది. వైరస్‌కు మందు లేదు, దీనికి ఉంది. పేర్లు ఒకటే కావడంతో "ఇంక లాభం లేదులే" అని చేపను వదిలేసినవాళ్ళను చూశాను. బాధేసింది, ఎందుకంటే ఆ చేప బతికేదే.

అపోహ: చుక్కలు పోయాయి, మందు పనిచేసింది.

అన్నింటికంటే ప్రమాదమైన నమ్మకం ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆ జీవి చేప మీద ఉండేది మూడు నుంచి ఏడు రోజులు. ఒళ్ళు నిండాక తనంతట తనే రాలిపోయి ఇసుక మీదో రాయి మీదో అతుక్కుని గట్టి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి వందలవుతుంది. గూడు పగలడానికి మూడు రోజులు చాలొచ్చు, నాలుగు వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. బయటికొచ్చిన పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి.

కాబట్టి మీరు వెల్లుల్లి రసం కలిపిన మేత పెట్టినా, అసలేమీ చెయ్యకపోయినా నాలుగో రోజుకు చుక్కలు రాలిపోతాయి. రెండో వారంలో పదింతలుగా తిరిగొస్తాయి. ఆ రెండో దెబ్బకు మొప్పలు నిండిపోయి చేప ఊపిరాడక పోతుంది. తొలిసారి మొప్పల్లోనే చేరి ఒంటి మీద ఒక్క చుక్కా కనబడకపోవడమూ ఉంది. అందుకే మచ్చల కన్నా ముందు మొప్పలు చూడమంటాను. చేప బాగున్న రోజుల్లోనే గడియారం పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలాడిస్తోందో లెక్కపెట్టి రాసుకోండి. ఆ అంకె లేకపోతే "ఆయాసపడుతోంది" అన్నది మీ అనుమానంగానే మిగిలిపోతుంది.

ఒక హెచ్చరిక. చుక్కలు ఉప్పు గింజల్లా కాక పసుపు పిండి అద్దినట్టు సన్నగా ఉండి, చేప నీటి ధారకు ఎదురుగా నిలబడి ఆయాసపడుతుంటే అది వెల్వెట్ అనే ఇంకో రోగం. అది పట్టిన చేపకు రెండు మూడు రోజులకు మించి గడువుండదు. ఆ రోజే వేరే తొట్టిలోకి మార్చండి.

అపోహ: మైలుతుత్తం వేస్తే పోతుంది, చెరువుల్లో వేస్తాంగా.

సగం నిజం. మైలుతుత్తం రాగి లవణమే, ఈ రెండు రోగాలకూ రాగి మందే. అయితే అది చంపేది నీళ్ళలో ఈదే పిల్లల్ని మాత్రమే. చేప మీదున్నదాన్ని గానీ, గూట్లో ఉన్నదాన్ని గానీ ఏమీ చెయ్యలేదు. అందుకే దాదాపు నెల రోజులు అదే మోతాదు నిలబెట్టాలి. మామూలు రాగి లవణమైతే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. అంతకు తగ్గితే పనిచెయ్యదు, పెరిగితే చేపకే విషం. చెంచా లెక్కలు ఇక్కడ కుదరవు. రాగి టెస్ట్ కిట్ లేకుండా మొదలుపెట్టకండి.

పగడాలు, రొయ్యలు, నత్తలు ఉన్న అసలు ట్యాంకులో రాగి ఎప్పుడూ వెయ్యకూడదు. వాటిని చంపేస్తుంది, పైగా రాయీ ఇసుకా దాన్ని పీల్చుకుంటాయి. ఇసుక లేని చిన్న తొట్టి, స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు చాలు, అదే ఆసుపత్రి.

అపోహ: కారణం కనబడటం లేదంటే లోపల ఏదో రోగం ఉన్నట్టే.

దర్గామిట్టలో ఒకరింట్లో చేపలు సాయంత్రాలు మాత్రమే గిలగిలలాడేవి. పొద్దుటికి కాస్త తేరుకునేవి. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకు 35), అమ్మోనియా సున్నా, పీహెచ్ 8.2, అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఒంటి మీద గీత కూడా లేదు. అప్పటికే రెండు రకాల యాంటీబయాటిక్ వేసి ఉన్నారు. నేను వెళ్ళింది సాయంత్రం ఆరున్నరకు. పలకరించి కూర్చున్నానో లేదో, ఆ ఇంటి పెద్దమ్మ తలుపులన్నీ మూసి హాల్లో దోమల స్ప్రే కొట్టారు. నెల్లూరులో దోమల బాధ ఉన్నదే, ఆమె తప్పేమీ లేదు. ఎయిర్ పంపు మాత్రం సోఫా పక్కన నేల మీద ఉంది. గదిలో గాలిని పీల్చి గొట్టంలోంచి నీళ్ళలోకి వదలడమే దాని పని.

దోమల మందుల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్లు మనకు పెద్దగా హాని చెయ్యవు గానీ చేపకు చాలా విషం, రొయ్యకు ఇంకా విషం. వాళ్ళ ట్యాంకులో మొదట పోయింది క్లీనర్ రొయ్యేనట. "అప్పుడే చెప్పుంటే తెలిసేది పెద్దమ్మా" అన్నాను. పంపును వరండాలోకి మార్చాం, విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాం, సగం నీళ్ళు మార్చాం. మూడు చేపల్లో రెండు నిలబడ్డాయి.

అప్పట్నించి ఎవరొచ్చినా నేనడిగే మొదటి ప్రశ్న ఇంట్లో ఏం చల్లారనే. పెయింటు వేశారా, సాంబ్రాణి పొగ వేశారా, చేతికి ఏదన్నా రాసుకుని నీళ్ళలో పెట్టారా? యాంటీబయాటిక్ విషయం కూడా చెప్పాలి. పరాన్నజీవికి గానీ విషానికి గానీ అది మందు కాదు. అమ్మోనియాను అరిగించే మంచి బ్యాక్టీరియాను మాత్రం దెబ్బతీయగలదు. ఉప్పునీళ్ళ పీహెచ్ ఎక్కువ కాబట్టి అక్కడ అమ్మోనియా పేరుకుంటే ఇంకా కష్టం. పీహెచ్ 7.2 నుంచి 8.2కి పెరిగితే అమ్మోనియాలో విషరూపం పదింతలకు దగ్గరగా పెరుగుతుంది.

అపోహ: మైపాడు బీచ్ నుంచి నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్ళు తెచ్చుకుంటే అదే అసలైన నీరు.

హ్యాచరీలే సముద్రపు నీటిని వడకట్టి, క్లోరిన్ వేసి, దాన్ని విరిచి, అప్పుడు వాడతాయి. పైగా ఈశాన్య రుతుపవనాల్లో పెన్నకు వరదొస్తే తీరం దగ్గర ఉప్పదనం పడిపోతుంది. ఇస్కపల్లి ఉప్పు మళ్ళలో పండే గళ్ళుప్పు కలుపుకోవచ్చా అని కూడా అడుగుతారు. వద్దు. మడిలో ఉప్పు గట్టిపడేలోపే కాల్షియం చాలావరకు జిప్సంగా దిగిపోతుంది, మెగ్నీషియం ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్ళలో ఉండిపోతుంది. మీకు మిగిలేది కూర ఉప్పు. అక్వేరియానికి తయారుచేసిన ఉప్పే వాడండి. ఎండాకాలం ఆవిరైన మేరకు మాత్రం ఉప్పునీళ్ళు కాకుండా ఆర్వో నీళ్ళే పొయ్యండి. ఉప్పు ఆవిరి కాదు కదా.

అపోహ: సముద్రపు చేపను మంచినీళ్ళలో పెడితే చస్తుంది.

వదిలేస్తే చస్తుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ముంచితే చాలా రకాలు తట్టుకుంటాయి. క్లోరిన్ లేని నీళ్ళు, ట్యాంకుతో సమానమైన వేడి, పీహెచ్, గాలి బుడగలు ఉండాలి. చర్మానికి పట్టిన చదును పురుగులు (ఫ్లూక్‌లు) తెల్లబడి బకెట్ అడుగున కనబడతాయి. క్రిప్టోకారియాన్ చర్మం కింద ఉంటుంది కాబట్టి దీనికి లొంగదు.

అపోహ: చేప పోయింది, ట్యాంకు ఖాళీగా ఎందుకు, రేపే ఇంకోటి వేద్దాం.

పోయింది తెల్లమచ్చతోనైతే గూళ్ళు ఇంకా ఇసుకలోనే ఉంటాయి. పెంపకందార్లు పాటించే లెక్క 76 రోజులు. అన్ని రోజులూ ఒక్క చేప కూడా ఉండకూడదు. రొయ్యలు, పగడాలు ఉండొచ్చు. తేదీని గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ రోజుల్లో రెండు రోజులకోసారి చిటికెడు మేత వేస్తూ ఉండండి, లేకపోతే ఫిల్టర్లో బ్యాక్టీరియా పస్తులుండి తగ్గిపోతుంది, కొత్త చేప వచ్చేసరికి అమ్మోనియా మళ్ళీ మొదలవుతుంది.