అటక మీద ఆరు బ్యాగులు: భుజానికి వేసుకునే కెమెరా బ్యాగుపై అపోహలు - వాస్తవాలు

మా ఇంట్లో అటక మీద ఆరు కెమెరా బ్యాగులున్నాయి. ఏడోది నా భుజం మీద ఉంటుంది. ఆ ఆరింటిలో ఒక్కటి కూడా చిరగలేదు, పాడవలేదు. కొనేటప్పుడు నేను నమ్మిన మాటలే తప్పు.

పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీస్తున్నాను. పని లేని ఆదివారాలు పొద్దున్నే పాతబస్తీలో తిరుగుతాను. కొత్తగా ఫీల్డులోకి వచ్చిన కుర్రాళ్లు లెన్సుల గురించి పది ప్రశ్నలు అడిగాక, పోతూ పోతూ "అన్నా, పాత బ్యాగేమైనా ఉంటే ఇవ్వవా" అంటారు. ఇవ్వడానికేం, అటక ఖాళీ అవుతుంది. కానీ నా తప్పులు మోసుకెళ్లి వాళ్ల భుజాన వేసినట్టే కదా! అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఉన్న సామానంతా పట్టే బ్యాగు కొంటే ఇక మళ్లీ కొనక్కర్లేదు

ఆ ఆరింటిలో మూడు ఈ లెక్కన కొన్నవే. బ్యాగులో ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. "ఎందుకైనా మంచిది" అంటూ ఇంకో లెన్సు తోస్తాం, ఛార్జర్ తోస్తాం, చివరికి నీళ్ల సీసా కూడా.

పెళ్లి రోజు నేను మోసే సరుకు తూకం వేసి చూద్దాం. సోనీ ఏ7 ఫోర్ కెమెరా బాడీ, బ్యాటరీ, కార్డు కలిపి 658 గ్రాములు. 24-70 జీఎం (సోనీ వాళ్ల ఖరీదైన వరస) లెన్సు రెండో వెర్షన్ 695. 85 ఎం.ఎం. ఎఫ్1.8 లెన్సు 371. ఫ్లాషు దాని బ్యాటరీతో కలిపి అరకేజీ పైమాటే. స్పేర్ బ్యాటరీలు రెండూ ఇంకో 160 చిల్లర. మొత్తం రెండున్నర కేజీలకు కాస్త తక్కువ. బ్యాగు సొంత బరువు ఒక కేజీ వేసుకోండి, మూడు దాటింది. "ఎందుకైనా మంచిది" అని 70-200 ఎఫ్2.8 జీఎం పాత వెర్షన్ కూడా పెట్టారో, అదొక్కటే 1480 గ్రాములు. అయిదు కేజీలు ఒకే భుజానికి వేలాడదీసుకుని ఎదురుకోలు నుంచి అప్పగింతల దాకా నిలబడి చూడండి. తలంబ్రాల టైముకి మీ ధ్యాస పెళ్లికూతురి మొహం మీద ఉండదు, మీ మెడ మీద ఉంటుంది.

ఎంత పెద్ద బ్యాగు కావాలో మీ పాత ఫొటోలే చెప్తాయి. ఫొటోలు సర్దుకునే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో లైబ్రరీ ఫిల్టర్ తెరిచి, మెటాడేటాలో లెన్సు పేరు మీద నొక్కితే ఏ లెన్సుతో ఎన్ని తీశారో అంకెతో సహా వస్తుంది. నేను మొదటిసారి చూసుకున్నప్పుడు నాకే సిగ్గేసింది. మూడేళ్లుగా మోస్తున్న ఒక మాక్రో లెన్సుతో (చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నుంచి తీసేది) తీసినవి ఉంగరాల ఫొటోలు తప్ప ఇంకేం లేవు. ఆ ఉంగరాలు తీసేది కూడా పొద్దున్నే, పెళ్లికూతురి గదిలో, తీరిగ్గా! అది కార్లో ఉన్న పెద్ద బ్యాగులో ఉంటే చాలు, భుజం మీద అక్కర్లేదు. ఇంటి నుంచి మోసుకెళ్లేందుకు ఒక బ్యాగు, పని చేసుకునేందుకు ఒక బ్యాగు అని విడదీసుకున్న రోజున నా భుజం నొప్పి సగం తగ్గింది.

అపోహ: లీటర్లు చూసి కొంటే సరిపోతుంది

లీటర్లు నీళ్లకీ పాలకీ పనికొస్తాయి. కెమెరా ఒలికి బ్యాగు ఆకారంలో సర్దుకోదు కదా.

ఒక బ్యాగు బయటి కొలత 25 x 18 x 12 సెంటీమీటర్లు అనుకుందాం. గుణిస్తే 5.4 లీటర్లు. చుట్టూ సెంటీమీటరు మందం ఫోమ్ ఉందంటే లోపల మిగిలేది 23 x 16 x 10, అంటే 3.7 లీటర్లు కూడా లేదు. మూడో వంతు ఫోమే తినేసింది. కంపెనీ రాసే లీటర్లలో ముందు జేబు, వెనక జేబు కూడా కలిసి ఉండొచ్చు. అందుకని వెతకాల్సింది లోపలి కొలతలు. అందులోనూ ముఖ్యం లోతు, వెడల్పు. 70-200 ఎఫ్2.8 రకం లెన్సులు సుమారు 20 సెంటీమీటర్ల పొడవుంటాయి. 16 సెంటీమీటర్ల లోతున్న బ్యాగులో అలాంటి దాన్ని నిలబెట్టలేం. పడుకోబెడితే రెండు గదుల చోటు అదొక్కటే ఆక్రమిస్తుంది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి నేను చెప్పే చిట్కా ఒకటుంది. ఇంటికొచ్చిన పార్శిల్ అట్టపెట్టె ఒకటి తీసుకుని, వాళ్లిచ్చిన లోపలి కొలతలకి కోసి, టేపు వేసి అతికించండి. బాడీకి లెన్సు తగిలించి, లెన్సు ముందుండే హుడ్ తిరగేసి బిగించి అందులో పెట్టండి. పట్టడం ఒక్కటే చాలదు. చెయ్యి లోపలికి పెట్టి గ్రిప్పు పట్టుకుని బయటికి లాగండి. వేళ్లకి చోటు లేకపోతే ఆ బ్యాగు మీకు చిన్నదే. నేను ఈ పని చెయ్యకుండా కొన్న ఒక స్లింగులో (ఒంటికి అడ్డంగా వేసుకునే చిన్న బ్యాగు) కెమెరా పట్టింది, జిప్పూ పడింది. కాకపోతే తీసిన ప్రతిసారీ మోడ్ డయల్ అంచుకి రాసుకుని తిరిగిపోయేది. మాన్యువల్‌లో పెట్టింది ఆటోలోకి వెళ్లిపోయి, ఒక ఫ్యామిలీ గ్రూపు ఫొటో మొత్తం ఆటోలోనే తీశాను. అది ఇప్పుడు అటక మీద నాలుగోది.

అపోహ: ఫోమ్ ఎంత మందంగా ఉంటే అంత భద్రం

1970ల్లో ఫిలడెల్ఫియా ఎంక్వైరర్ పత్రికలో జిమ్ డోమ్‌కీ అనే ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. అప్పటి గట్టి పెట్టెల్లాంటి బ్యాగులతో విసిగి, తనకి కావాల్సినట్టు మెత్తటి క్యాన్వాస్ బ్యాగు తయారు చేయించుకున్నాడు. లోపల నాలుగు గదుల ఇన్సర్టు (బయటికి తీయగలిగే మెత్తటి గదుల అర), పైన ఫ్లాపు, అంతే. ఒంటిని అతుక్కుని ఉంటుంది, చెయ్యి పెడితే లెన్సు దొరుకుతుంది. ఎఫ్-2 పేరుతో ఆ నమూనా ఇప్పటికీ అమ్ముడవుతోంది. ఇంగ్లండులో బిల్లింగ్‌హామ్ కథ ఇంకా తమాషా. వాళ్లు మొదట చేపలు పట్టేవాళ్లకి బ్యాగులు కుట్టేవారు. ఫొటోగ్రాఫర్లు అవే కొనుక్కుని కెమెరాలు పెట్టుకోవడం మొదలెట్టాకే వాళ్లు కెమెరా బ్యాగుల దారి పట్టారు. రోజంతా వీధుల్లో పరిగెత్తేవాళ్లు కోరుకున్నది మందం కాదు, చేతికి అందడం.

ఫోమ్ అసలు అక్కర్లేదని కాదు. అడుగున కావాలి, ఎందుకంటే మనం బ్యాగుని నేల మీద దించేది "టప్" మనిపిస్తూనే. బాడీకీ లెన్సుకీ మధ్య ఒక డివైడర్ కావాలి. మిగతా గోడలు పల్చగా ఉన్నా పర్వాలేదు.

నా అనుభవంలో సామాను దెబ్బతినేది ఫోమ్ చాలక కాదు, జిప్పు సగం తెరిచి వదిలేసినందుకు. ఒక ఫంక్షన్ హాల్లో మెట్ల మీద బ్యాగు పెట్టి, లెన్సు మార్చి, హడావుడిలో పిడి పట్టుకుని లేపాను. ఫ్లాపు మూసి ఉంది కాబట్టి జిప్పు కూడా మూశాననుకున్నాను. 50 ఎం.ఎం. లెన్సు ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లింది. ఏడు మెట్లు. లెక్కపెట్టాను, పట్టుకోవడానికి మాత్రం చెయ్యి రాలేదు. అప్పటి నుంచి జిప్పూ ఫ్లాపూ రెండూ ఉన్న బ్యాగు జోలికి పోను. ఒకే మూత ఉండాలి. అది తెరిచుందో మూసుందో చూడకుండానే చేతికి తెలియాలి.

మూత ఎటు తెరుచుకుంటుందో కూడా కొట్లోనే చూసుకోండి. బ్యాగు పొట్ట దగ్గర పెట్టుకుని తెరిస్తే మూత బయటివైపు వాలాలి. మన వైపు తెరుచుకుంటే అది పొట్టకీ చేతికీ మధ్య అడ్డం నిలబడుతుంది. కోఠి కెమెరా దుకాణాల్లో బ్యాగు చూసేవాళ్లు చాలామంది దాన్ని కౌంటర్ మీదే పెట్టి చూసేసి కొంటారు. భుజానికి వేసుకుని, మీ కెమెరానే అందులో పెట్టి పదిసార్లు తీసి పెట్టండి. షాపాయన ఏమీ అనుకోడు.

అపోహ: భుజం బ్యాగుతో నడుం పోతుంది, బ్యాక్‌ప్యాకే మంచిది

సగం నిజం. నాలుగైదు కేజీలు రోజంతా మొయ్యాలంటే బ్యాక్‌ప్యాకే సరైంది, వాదనే లేదు. కానీ రెండు మూడు కేజీల్లోపు అయితే తప్పు బ్యాగుది కాదు, మనం వేసుకునే పద్ధతిది. ఒక భుజానికే వేలాడేస్తే అది జారకుండా ఆ భుజం రోజంతా పైకి ఎత్తిపెట్టే ఉంటాం. అలా అని మనకి తెలియదు, రాత్రికి తెలుస్తుంది. పట్టీని ఒంటికి అడ్డంగా వేసుకోండి. బ్యాగు తుంటి ఎముక పైన ఆగేట్టు కురచ చెయ్యండి. మోకాలి దగ్గర ఊగే బ్యాగు అడుగడుగునా ఒక్కో గుంజు గుంజుతుంది. పట్టీ నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుండాలి. గంటకోసారి పక్క మార్చాలి. ఇది నేనూ మర్చిపోతుంటాను.

జనంలో మాత్రం బ్యాక్‌ప్యాకు నాకు నచ్చదు. ఖైరతాబాద్ గణపతి దగ్గరో, మేడారం జాతరలోనో వీపు వెనక జిప్పుతో ఎవరేం చేస్తున్నారో మనకేం తెలుస్తుంది? భుజం బ్యాగయితే ముందుకి లాక్కుని మీద చెయ్యేసుకోవచ్చు.

అపోహ: అయస్కాంతం క్లిప్పులుంటే మెమరీ కార్డులు చెరిగిపోతాయి

చెరగవు. ఎస్‌డీ కార్డుల్లో ఉన్నది ఫ్లాష్ మెమరీ, అయస్కాంతంతో దానికి పని లేదు. వెనక నల్ల పట్టీ ఉన్న ఏటీఎం కార్డు మాత్రం ఆ క్లిప్పుకి ఆనించి పెట్టకండి. నేను అయస్కాంతాల బ్యాగే వాడతాను, ఎందుకంటే వెల్క్రో చప్పుడు నాకు పడదు. పెళ్లిలో గట్టిమేళం మోగుతుంటే వెల్క్రో ఎవరికి వినపడుతుంది గానీ, సంగీత కచేరీలో ఆలాపన మధ్యలో ఒకసారి "చర్ర్" మనిపించి చూడండి, మొదటి వరసలో ఉన్న పెద్దాయన చూపు జన్మలో మర్చిపోరు.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసుంది, వానలో పర్వాలేదు

గుడ్డ వాటర్‌ప్రూఫే. కుట్టు రంధ్రాలు కావు, మామూలు జిప్పు అసలు కాదు. అరగంట వానలో ముందు నీళ్లు పట్టేది జిప్పు చివర్లలోనే. నమ్మకం లేకపోతే బ్యాగు నిండా వార్తాపత్రికలు కుక్కి, బాత్రూంలో షవర్ కింద పది నిమిషాలు పెట్టండి. ఏ కాగితం తడిసిందో చూస్తే నీళ్లొచ్చే దారి తెలిసిపోతుంది. పైగా లోపలి పూత కొన్నేళ్ల ఎండకీ ఉక్కకీ జిగురు జిగురుగా మారి పొట్టు రాలుతుంది. రెయిన్ కవర్ ఉంటే సరే. లేకపోతే చీరల షాపువాళ్లిచ్చే పెద్ద ప్లాస్టిక్ కవర్ ఒకటి మడిచి వెనక జేబులో పెట్టుకోండి, చాలు.

అపోహ: ఇంటికొచ్చాక కూడా బ్యాగులోనే ఉంచితే భద్రం

బయటి వానకంటే ఈ అలవాటే ఎక్కువ లెన్సుల్ని పాడు చేస్తుంది. ఫోమ్, గుడ్డ తేమని పట్టి ఉంచుతాయి. లోపల చీకటి, గాలాడదు. గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే ఉంటే ఫంగస్‌కి పండగే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లకి ఇది ఇంకా ఎక్కువ. లెన్సులు బయటికి తీసి, బిగుతైన మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పెట్టండి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. డబ్బాలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పడేసి, 40-50 శాతం దగ్గర ఉండేట్టు చూసుకుంటే చాలు.

బ్యాగులోనే ఉంచాల్సిన సందర్భం ఒకటుంది. ఏసీ హాల్లోంచి ఉక్కపోతలోకి వచ్చినప్పుడు చల్లటి లెన్సు మీద ఆవిరి పడుతుంది. బారాత్ తియ్యాలంటే కెమెరాని మూసిన బ్యాగులోనే ఉంచి, ఓ అరగంట ముందే బయట పెట్టండి. మెల్లగా వేడెక్కుతుంది.

అపోహ: ఖరీదు పెడితే మన్నుతుంది

కొంతవరకే. ధర చీటీ వదిలేసి పట్టీ బ్యాగుకి కలిసే చోటు చూడండి. అక్కడ చతురస్రం కుట్టి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తులా కుట్టు ఉండాలి. రింగు లోహంది ఉండాలి. నా ఏడో బ్యాగు కొన్నప్పుడు ఆ కుట్టు ఒక వరసే ఉంది. మా సందు చివర చెప్పులు కుట్టే ఆయన నైలాన్ దారంతో నాలుగు వరసలు వేశాడు, ఎనభై రూపాయలు తీసుకున్నాడు. బ్యాగు మిగతా భాగం కంటే ఆ కుట్టే ముందు చిరిగేట్టు లేదు. అసలు బ్యాగే కొననక్కర్లేదు, కొన్ని వందల రూపాయలకి దొరికే ఇన్సర్టు కొని మీ దగ్గరున్న గట్టి గుడ్డ సంచిలో పెట్టుకున్నా పని జరిగిపోతుంది. పాతబస్తీ నడకలకి నేను చేసేది అదే.

అపోహ: చిన్న బ్యాగు కదా, విమానంలో లెక్కలోకి రాదు

మన దేశీ విమానాల్లో క్యాబిన్ బ్యాగుకి మామూలుగా 7 కేజీల హద్దు. బరువు చూడాలనుకుంటే భుజం మీదున్నదీ చూస్తారు. గేటు దగ్గర బ్యాగుని కిందకి పంపాల్సి వస్తే ముందు స్పేర్ బ్యాటరీలు తీసి జేబులో వేసుకోండి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. టెర్మినల్స్ మీద మూత పెట్టడమో టేపు వెయ్యడమో చెయ్యండి. మన కెమెరా బ్యాటరీలు 16 వాట్-అవర్ల దగ్గరే ఉంటాయి, విమానాల్లో ఉండే 100 వాట్-అవర్ల హద్దుకి చాలా దూరం. కాబట్టి సంఖ్య గురించి పెద్ద టెన్షన్ లేదు.

అపోహ: బ్యాగుకి శుభ్రం అవసరం లేదు

సెన్సార్ మీద మచ్చలొస్తున్నాయని సర్వీసుకి ఇచ్చేముందు ఒకసారి డివైడర్లన్నీ పీకి బ్యాగుని తలకిందులుగా దులపండి. బ్యాగులోంచి లెన్సు వెనక మూత లోపల చేరిన దుమ్మే లెన్సుతో పాటు బాడీలోకి వెళ్తుంది. వాషింగ్ మెషిన్‌లో వెయ్యకండి, ఫోమ్ ముద్దయిపోతుంది. వాక్యూమ్ క్లీనరో, ఆరిన పెయింట్ బ్రష్షో చాలు. గత మాఘమాసం ముహూర్తాలయ్యాక నేను దులిపితే గుప్పెడు పసుపు తలంబ్రాలు, ఒక పూసలదండ తెగిన ముక్క, ఎవరిదో చెవిదిద్దు శీల రాలాయి. ఆ శీల కోసం రెండు ఇళ్లకి ఫోన్ చేశాను. మాది కాదంటే మాది కాదన్నారు.