స్థానం మారితే దేహంతో పాటు ఏం వెళ్తుంది?

2013లో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లు కళాశాలల నుంచి కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు నాలుగో పేరుగా వినిపించిన లేన్ జాన్సన్, టెక్సస్‌లోని కిల్గోర్ అనే రెండేళ్ల కళాశాలలో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు. ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో చేరాక అతన్ని మొదట ఎదుటివారిని అడ్డుకుంటూ అవసరమైతే బంతినీ అందుకునే టైట్ ఎండ్‌గా, ఆ తర్వాత ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే డిఫెన్సివ్ ఎండ్‌గా, చివరికి క్వార్టర్‌బ్యాక్‌కు రక్షణగా నిలిచే అఫెన్సివ్ టాకిల్‌గా మార్చారు. ఏ పని కోసం ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు అతన్ని అంత ముందుగా తీసుకుందో, ఆ పనిలో అతనికున్న అనుభవం రెండు సీజన్లు మాత్రమే.

జట్టు నమ్ముకున్నది అనుభవాన్ని కాదు, కొలతలను. ఎంపికకు ముందు జరిగిన పరీక్షల్లో 198 సెంటీమీటర్ల ఎత్తు, 137 కిలోల బరువు ఉన్న ఆ మనిషి 40 గజాలను, అంటే దాదాపు 36.6 మీటర్లను, 4.72 సెకన్లలో పరుగెత్తాడు. నిలబడిన చోటు నుంచి మొదలుపెట్టి సెకనుకు సగటున ఏడున్నర మీటర్లకు పైగా కదిలాడన్నమాట. నిజానికి టాకిల్ మ్యాచ్‌లో అంత దూరం తిన్నగా పరుగెత్తే సందర్భం అరుదు. అయినా అంత బరువును అంత వేగంగా కదిలించగల కాళ్లు, పక్కకు రెండడుగులు వేసి ఎదుటివాణ్ణి అడ్డుకోవడంలోనూ పనికొస్తాయన్నది కోచ్‌ల లెక్క.

ఇలాంటి మార్పులను వరుసగా గమనిస్తే, ఎక్కువ భాగం ఒకే దిశలో సాగుతాయి. ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో టైట్ ఎండ్‌గా ఆడిన జేసన్ పీటర్స్‌ను 2004లో ఏ జట్టూ ఎంపిక చేసుకోలేదు. టాకిల్‌గా మారాక అతడు సీజన్‌లోని మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన ప్రో బౌల్‌కు తొమ్మిదిసార్లు ఎంపికయ్యాడు. సెంట్రల్ మిషిగన్‌లో టైట్ ఎండ్‌గా ఉన్న జె.జె. వాట్ విస్కాన్సిన్‌కు మారి, డిఫెన్సివ్ ఎండ్‌గా ఎదిగాడు. తేలికైన స్థానం నుంచి బరువైన స్థానానికి వెళ్లినవారు ఎందరో కనిపిస్తారు గాని, టాకిల్‌గా మొదలై, విసిరిన బంతిని పరుగెత్తి అందుకునే రిసీవర్‌గా తేలినవాణ్ణి వెతకడం కష్టం.

దీనికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. కండరం పుట్టించే బలం ప్రధానంగా దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది, బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి దేహం పెద్దదవుతున్నకొద్దీ ప్రతి కిలోకు లభించే బలం కొంత తగ్గుతుంది, దానితో వేగం కూడా కొంత పోతుంది. మొదటే వేగం మిగులుగా ఉన్నవాడు ఆ నష్టాన్ని భరించగలడు. ఆహారంతో, బరువులెత్తే వ్యాయామంతో ఇరవై, ముప్పై కిలోలు పెంచడం యువకుడికి సాధ్యమే. ఎత్తును ఏ వ్యాయామమూ పెంచలేదు, వేగంగా సంకోచించే కండర తంతువుల వాటాను పుట్టుక చాలావరకు ముందే నిర్ణయిస్తుంది. శిక్షణతో రానిదాన్ని ముందు సంపాదించుకుని, వచ్చేదాన్ని తర్వాత నేర్పుకోవడం కోచ్‌కు లాభసాటి బేరం.

అయితే ఈ లెక్కను అతిగా నమ్మడం పొరపాటని నా అభిప్రాయం. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ జరిపిన చదరంగ ప్రయోగాల్లో, నిజమైన ఆటలోని పావుల అమరికను ఐదు సెకన్లు చూపిస్తే ఆరితేరిన ఆటగాడు కొత్తవాడికంటే ఎంతో ఎక్కువ గుర్తుపెట్టుకున్నాడు. పావులను ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. నైపుణ్యం ఉన్నది సాధారణ జ్ఞాపకశక్తిలో కాదు, ఏళ్ల తరబడి చూసిన అమరికల్లో. బంతి చేతికందిన రెండు మూడు సెకన్లలో ప్రత్యర్థుల కదలికను చదవాల్సిన క్వార్టర్‌బ్యాక్‌ది సరిగ్గా ఇలాంటి నైపుణ్యమే. అందుకే క్వార్టర్‌బ్యాక్‌లు రిసీవర్లవుతారు. ఎంత వేగమున్నా రిసీవర్లు క్వార్టర్‌బ్యాక్‌లు కావడం అరుదు.

కదలికలను చదివే ఆ నేర్పు కొత్త స్థానానికి కూడా వెంట వస్తుందనడానికి జూలియన్ ఎడెల్మన్ మంచి ఉదాహరణ. కెంట్ స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి, 2009లో 232వ స్థానంలో ఎంపికై, న్యూ ఇంగ్లండ్ జట్టులో రిసీవర్‌గా మారిన అతడు పదేళ్ల తర్వాత లీగ్ తుది పోరైన సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గా ఉండి, రిసీవర్లకు బంతి అందకుండా కాపుకాసే కార్నర్‌బ్యాక్‌గా మారిన రిచర్డ్ షెర్మన్, తాను ఒకప్పుడు చేసిన పనినే ఎదుటివాడు చేస్తుంటే ముందుగా పసిగట్టగలిగాడు. 2013 సీజన్‌లో ఎనిమిదిసార్లు ప్రత్యర్థి బంతిని చేజిక్కించుకుని లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. 40 గజాల పరుగు ఇటువంటి తెలివిని కొలవలేదు. పైగా మనం చెప్పుకునే పేర్లన్నీ నెగ్గినవారివే. స్థానం మారి బెంచీ మీదే మిగిలిపోయినవారిని లెక్కలోకి తీసుకోకుండా శారీరక పాటవానికి పూర్తి మార్కులు వేయకూడదు.

కళాశాల ఆట ఈ ప్రయోగాలకు అనువుగా ఉండటానికి నియమాలూ కారణమే. అగ్రశ్రేణి విభాగంలో జట్టుకు 85 స్కాలర్‌షిప్పులనే పరిమితి 2025 దాకా దశాబ్దాల పాటు ఉండటంతో, ఒక చోట కుదరని ఆటగాణ్ణి మరోచోట పరీక్షించి చూడటం కోచ్‌లకు అవసరమైంది. అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చన్న వెసులుబాటు వల్ల ఒక ఏడాది మ్యాచ్‌లకు దూరంగా ఉండి, బరువు పెంచుకుంటూ కొత్త పని నేర్చుకోవడానికి వీలు కలిగింది. ఈ దశ లేనివారికి నేర్చుకునే కాలం తర్వాత పడుతుంది: సిడ్నీలో రగ్బీ లీగ్ ఆడుతూ పెరిగి, అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటీ ఆడకుండానే 2018లో ఎంపికైన, 203 సెంటీమీటర్ల ఎత్తున్న జోర్డన్ మైలాటా, మొదటి రెండేళ్లు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్‌లలో దిగనే లేదు, టాకిల్‌గా అతని తొలి మ్యాచ్ 2020లో గాని రాలేదు.