ఫలితం చూశాకే నిధులు: యువత నైపుణ్య, ఉపాధి కార్యక్రమాల మీద అపోహలు, వాస్తవాలు

యువతకు పని నేర్పి ఉద్యోగంలో పెట్టే కార్యక్రమాలకు చాలాకాలంగా నిధులు ఒకే తీరులో వస్తున్నాయి. ఇన్ని బ్యాచ్‌లు, బ్యాచ్‌కి ఇంతమంది, ఇన్ని గంటల క్లాసులు అని లెక్కగట్టి ఖర్చు ఇచ్చేస్తారు. ఫలితాధారిత పద్ధతిలో లెక్క మారుతుంది. శిక్షణ అయినవాళ్లు సర్టిఫికెట్ తెచ్చుకున్నారా, ఉద్యోగంలో చేరారా, చేరినచోట నిలదొక్కుకున్నారా అని చూసి, దాన్నిబట్టి చెల్లిస్తారు. ఇలాంటి ఒప్పందాలు రాసుకునేటప్పుడు, అవి నడుస్తున్నంత కాలం నిధులిచ్చేవాళ్లకూ శిక్షణ సంస్థలకూ తోడుండి లెక్కలు, షరతులు సరిచూడడం నా పని. ఈ పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం ఉంది. ఒప్పందంలో ఏ గీత ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఇది ఎంతోమందికి దారి చూపగలదు, అందరికన్నా అవసరం ఉన్నవాళ్లను గుమ్మం బయటే ఆపేయగలదు కూడా. సమావేశాల్లో మళ్లీ మళ్లీ వినిపించే అపోహలు కొన్ని తీసుకుని చెబుతాను.

అపోహ: ఫలితం వచ్చాకే చెల్లింపు కాబట్టి ముందుగా డబ్బు అవసరం లేదు.

వాస్తవం: మూడు నెలల కోర్సు అనుకుందాం. ఇంటర్వ్యూలు జరిగి ఉద్యోగంలో చేరడానికి ఇంకో నెల. మూడు నెలలు నిలిచారని చూపించాలంటే ఆ మూడు నెలలూ గడవాలి. తర్వాత వెరిఫికేషన్, బిల్లు, ఆమోదం. మొదటి క్లాసు మొదలైన రోజు నుంచి పెద్ద చెల్లింపు చేతికి వచ్చేసరికి ఎనిమిది నెలలు దాటుతుంది. ఈలోగా ట్రైనర్ల జీతాలు, కేంద్రం అద్దె, యంత్రాలు, ఊళ్లు తిరిగి అభ్యర్థులను చేర్పించే మొబిలైజర్ల ఖర్చులు ఏవీ ఆగవు. నిల్వ ధనం ఉన్న పెద్ద సంస్థ తట్టుకుంటుంది. నలుగురు ట్రైనర్లతో నడిచే సంస్థ రెండో బ్యాచ్ దగ్గరే చేతులెత్తేస్తుంది, ఎంత బాగా నేర్పినా సరే.

ఇంపాక్ట్ బాండ్లు పుట్టింది ఈ లోటు పూడ్చడానికే. ముందు పెట్టుబడి ఒకరు పెడతారు, ఫలితం రుజువయ్యాక చెల్లించేవాళ్లు వేరే ఉంటారు. ఈ తరహాలో మొదటిది 2010లో బ్రిటన్‌లోని పీటర్‌బరో జైలు నుంచి విడుదలైనవాళ్లు మళ్లీ నేరాల్లోకి వెళ్లకుండా చూసేందుకు మొదలైంది. మన దేశంలో 2021లో ప్రకటించిన స్కిల్ ఇంపాక్ట్ బాండ్ విలువ 1.44 కోట్ల డాలర్లు. నాలుగేళ్లలో 50,000 మంది యువతకు శిక్షణ, ఉద్యోగం లక్ష్యం. అందులో 60 శాతం మహిళలు. జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ (ఎన్ఎస్‌డీసీ), మైఖేల్ అండ్ సుసాన్ డెల్ ఫౌండేషన్ కలిసి 40 లక్షల డాలర్లు ముందుగా పెట్టాయి, శిక్షణ సంస్థలు పని మొదలుపెట్టింది ఆ డబ్బుతోనే.

బాండ్ దాకా వెళ్లక్కర్లేదు. చెల్లింపును మైలురాళ్లుగా విడగొట్టినా చాలావరకు సర్దుకుంటుంది. మొత్తాన్ని నూరు వంతులు అనుకుంటే సర్టిఫికెట్ దగ్గర 30, ఉద్యోగంలో చేరిక దగ్గర 30, మూడు నెలల నిలకడకు 40 లాంటి అమరిక చాలామందికి మోయగలిగేదిగా ఉంటుంది. కాకపోతే సర్టిఫికెట్ దగ్గరే 70 వంతులు ఇచ్చేస్తే పేరు ఫలితాధారితమే అయినా నడిచేది పాత పద్ధతే. ఆ మీదటి ఉద్యోగం కోసం తిరిగే శ్రమ ఎవరూ పడరు.

అపోహ: ఆఫర్ లెటర్ ఉందంటే ఫలితం వచ్చినట్టే.

వాస్తవం: ఫలితం అంటే ఏమిటో రాసే పేరా దగ్గరే అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోవాలి. ఆఫర్ లెటర్ అందినా చేరనివాళ్లు, చేరి వారానికే తిరిగొచ్చేవాళ్లు దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. చేరిన తేదీ ఏది, కనీసం ఎంత జీతం, వారానికి ఎన్ని గంటల పని, స్వయం ఉపాధి అయితే ఏ ఆధారం ఒప్పుకుంటారు అన్నవి మొదటి బ్యాచ్ మొదలు కాకముందే తేలాలి.

వెరిఫికేషన్ ఫోన్ కాల్ ఎలా సాగుతుందో చెబితే ఇది ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. జాబితాలో ఉన్న నంబరుకు చేస్తే అమ్మ ఎత్తుతుంది. "అమ్మాయి డ్యూటీకి వెళ్లిందండీ, రాత్రి తొమ్మిదికి చెయ్యండి" అంటుంది. రాత్రికి అమ్మాయి దొరుకుతుంది. పని చేస్తున్నది జాబితాలో ఉన్న కంపెనీలోనే, కానీ జీతం ఇచ్చేది మ్యాన్‌పవర్ కాంట్రాక్టరు. కాబట్టి పే స్లిప్ మీద కంపెనీ పేరుండదు. సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, బ్యాంకు ఖాతాలో ఇంకోలా ఉంటుంది. మొదటి నెల జీతం చేతికే ఇచ్చారు కనుక ఖాతాలో ఆ నెల ఏమీ కనిపించదు. ఆ అమ్మాయి రోజూ షిఫ్టుకు వెళ్తోంది, జీతం తెచ్చుకుంటోంది. ఒప్పందంలో "యజమాని ఇచ్చిన పే స్లిప్" అని మాత్రమే రాసి ఉంటే ఆమె కష్టం లెక్కలోకి రాదు, ఆమెను అక్కడిదాకా తెచ్చిన సంస్థకు పైసా రాదు. అందుకే హాజరు రికార్డు, బ్యాంకు జమ, యజమాని ధ్రువపత్రం, అభ్యర్థితో నేరుగా మాట్లాడి తీసుకున్న వివరాలు, వీటిలో ఏ రెండు కుదిరినా చాలు అని రాయించమంటాను.

వెరిఫికేషన్ ఖర్చు దండగ అని దాన్ని కోసేయాలని చూసేవాళ్లూ ఉన్నారు. అందరినీ పరిశీలించనవసరం లేదు. ప్రతి బ్యాచ్ నుంచి లాటరీ పద్ధతిలో కొందరిని ఎంచి పరిశీలించి, అందులో తప్పిన నిష్పత్తిని మొత్తం బిల్లుకు వర్తింపజేస్తే ఖర్చు అదుపులో ఉంటుంది, తప్పుడు లెక్కలు రాయాలన్న ఆశా తగ్గుతుంది. పరిశీలించే సంస్థకు శిక్షణ సంస్థ నుంచి జీతం అందకూడదు. ఇందులో బేరం లేదు.

అపోహ: ఫలితానికి డబ్బు కడితే సంస్థలు తమంతట తామే నిరుపేద యువతను వెతుక్కుంటూ వెళ్తాయి.

వాస్తవం: అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఉద్యోగంలో చేరిన ప్రతి ఒక్కరికీ ఒకే ధర అని పెట్టి చూడండి. చేర్చుకునే రోజునే ఏరివేత మొదలవుతుంది. డిగ్రీ ఉన్నవాళ్లు, నాలుగు మాటలు ధైర్యంగా మాట్లాడేవాళ్లు, పట్నంలో ఉండే వసతి ఉన్నవాళ్లు ముందు వరుసలోకి వస్తారు. పదో తరగతి తప్పినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, చంటిబిడ్డ ఉన్న తల్లి, ఇంట్లో రాత్రి షిఫ్టుకు ఒప్పుకోని అమ్మాయి "సీట్లు నిండాయి" అన్న మాట విని వెనక్కి పోతారు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ ఉండనక్కర్లేదు. ధర ఎటు నెడితే సంస్థ అటు నడుస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. అమెరికాలో 1982లో వచ్చిన జాబ్ ట్రైనింగ్ పార్ట్‌నర్‌షిప్ చట్టం కింద శిక్షణ కేంద్రాలకు పనితీరు ప్రమాణాలు పెట్టినప్పుడు, తేలిగ్గా ఉద్యోగం వచ్చేవాళ్లను ఏరుకోవడం గురించి ఆర్థికవేత్తలు ఏళ్లతరబడి పరిశోధించారు. శిక్షణ ముగిసిన కొత్తలో కనిపించే ఉద్యోగ, జీతాల అంకెలకు, ఆ శిక్షణ వల్ల దీర్ఘకాలంలో కలిగిన మేలుకు పెద్దగా పొంతన లేదని కూడా అప్పుడే తేలింది. బ్రిటన్ 2011లో వర్క్ ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు ఇలాంటి ఏరివేతను ఆపాలనే నిరుద్యోగులను తొమ్మిది వర్గాలుగా విడదీసి, కష్టమైన వర్గాలకు ఎక్కువ ధర పెట్టింది. అయినా తేలికైనవాళ్ల మీద శ్రద్ధ పెట్టి, కష్టమైనవాళ్లను జాబితాలో ఉంచి వదిలేయడం పూర్తిగా ఆగలేదు. వర్గం పేరు ఒకటే అయినా అందులో మనుషుల పరిస్థితులు వేర్వేరు కదా.

నేపాల్‌లో 2008లో మొదలైన ఎంప్లాయ్‌మెంట్ ఫండ్ అందుకే నాకు నచ్చుతుంది. వివక్షకు గురైన వర్గాల మహిళలు, ఇతర వెనుకబడిన యువతకు ఉపాధి చూపిస్తే శిక్షణ సంస్థకు ప్రోత్సాహకం ఎక్కువ. ఉద్యోగం ఉంటే చాలదు, ఆదాయం ఒక కనీస స్థాయి దాటాలి, దాన్ని క్షేత్రంలో పరిశీలించి తేల్చాలి. ఇక్కడ నేను జోడించేది ఒకటే. ఎక్కువ ధరను ఉద్యోగం దగ్గరే కట్టకుండా, కొంత శిక్షణలో చేర్చుకున్నప్పుడే ఇవ్వాలి. రవాణా, హాస్టల్, బిడ్డను చూసుకునే ఏర్పాటు, సైగల భాష తెలిసిన ట్రైనర్, వీటన్నిటి ఖర్చు మొదటి రోజు నుంచే ఉంటుంది. ఆ డబ్బు ఎనిమిది నెలల తర్వాత వస్తుందంటే ఆ అమ్మాయిని చేర్చుకునే సాహసం ఎవరు చేస్తారు?

అపోహ: లెక్కలో చూపిన ఉద్యోగాలన్నీ కార్యక్రమం వల్ల వచ్చినవే.

వాస్తవం: శిక్షణ లేకపోయినా కొందరికి ఉద్యోగం వచ్చేదే. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త డేవిడ్ మెకెంజీ వర్ధమాన దేశాల్లో జరిగిన అధ్యయనాలను కూడగట్టి 2017లో చూపించినదాని ప్రకారం, వృత్తి శిక్షణ అవకాశం అందిన ప్రతి 100 మందిలో, అది లేకపోతే దొరకని ఉద్యోగం దొరికింది సగటున ముగ్గురి కన్నా తక్కువ మందికే. ఫ్రాన్స్‌లో చదువుకున్న యువ నిరుద్యోగులకు ఉద్యోగ వేటలో సాయం చేసి పరిశీలించిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2013లో వచ్చాయి. సాయం అందినవాళ్లు పొందిన లాభంలో కొంత, అందనివాళ్ల అవకాశాలకు గండి కొట్టి వచ్చిందేనని అందులో తేలింది.

ఈ అంకెలు చూసి కొందరు నిరాశపడతారు. నాకైతే ధర ఎలా కట్టాలో ఇవి నేర్పుతాయి అనిపిస్తుంది. అదే నేపథ్యం ఉన్న యువతలో ఏ సాయమూ లేకుండా ఎంతమందికి పని దొరుకుతోందో ముందు తెలుసుకోవాలి. నూటికి అరవై మందికి ఎలాగూ దొరికే చోట అరవై ఐదు మందిని చూపించిన సంస్థ కన్నా, ఇరవై మందికే దొరికే చోట నలభై మందిని నిలబెట్టిన సంస్థ చేసిన పని చాలా పెద్దది. ప్లేస్‌మెంట్ శాతం మాత్రమే చూసే ఒప్పందంలో మొదటి సంస్థకే బహుమానం దక్కుతుంది.

అపోహ: లక్ష్యం తప్పితే పద్ధతే విఫలమైనట్టు.

వాస్తవం: న్యూయార్క్‌లోని రైకర్స్ ఐలండ్ జైల్లో ఉన్న టీనేజర్ల కోసం 2012లో ఒక ఇంపాక్ట్ బాండ్ మొదలైంది. వాళ్లు మళ్లీ జైలుకు రావడం తగ్గలేదని తేలడంతో 2015లో ఆపేశారు, నగరం ఫలితానికి చెల్లించాల్సిన పని లేకపోయింది. పనికిరాని దారి మూడేళ్లలో బయటపడి, ప్రజల సొమ్ము మిగిలింది.

అపోహ: డబ్బు ఒత్తిడి ఉంటే చాలు, శిక్షణ దానంతట అదే బాగుపడుతుంది.

వాస్తవం: ఒత్తిడి వల్ల ట్రైనర్‌కు కొత్త నైపుణ్యం రాదు. నెలనెలా వచ్చే అంకెలను చూసి పద్ధతి మార్చుకునే స్వేచ్ఛ ఉన్నప్పుడే మార్పు వస్తుంది. ఉపాధికి పక్కనే ఉన్న చదువు రంగంలో ఒక మంచి ఉదాహరణ ఉంది. రాజస్థాన్‌లోని భీల్వాడాలో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి 2018 వరకు నడిపిన డెవలప్‌మెంట్ ఇంపాక్ట్ బాండ్‌లో, రెండో ఏడాది ముగిసేసరికి పిల్లల అభ్యసన లక్ష్యంలో దాదాపు సగమే అందింది. పిల్లలను స్థాయిని బట్టి గుంపులు చేశారు, బడికి రానివాళ్ల ఇళ్లకు వెళ్లారు, తరగతులు పెంచారు. మూడో ఏడు ముగిసేసరికి లక్ష్యంలో 160 శాతం చేరారు. సిలబస్ గంటలు, పాఠం వరుస, ట్రైనర్ల సంఖ్య అన్నీ ఒప్పందంలోనే బిగించేసి ఉంటే ఈ మార్పులకు చోటుండేది కాదు. ఫలితానికి చెల్లిస్తున్నప్పుడు దారి ఎంచుకునే హక్కు సంస్థకు వదలాలి. ఫలితాన్నీ, దారినీ ఒకేసారి పట్టుకు కూర్చునే నిధుల సంస్థలు చాలానే ఉన్నాయి.

అపోహ: మూడు నెలలు ఒకేచోట చేయనివాళ్లు విఫలమైనట్టే.

వాస్తవం: మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాడు రెండో నెలలో ఇంటికి దగ్గరగా, కొంచెం ఎక్కువ జీతంతో ఇంకోటి చూసుకుని మారిపోతాడు. అతని బతుకులో అది ముందడుగు. "ఒకే యజమాని దగ్గర 90 రోజులు" అని రాసి ఉంటే రిజిస్టర్‌లో మాత్రం అతను డ్రాపవుట్. అప్పుడు ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఏం చేస్తాడు? ఇంకో నెల ఓపిక పట్టు, మారకు అని బతిమాలుకుంటాడు. మంచి అవకాశం వదులుకొమ్మని చెప్పే స్థితికి మనమే అతన్ని నెట్టినట్టు అవుతుంది.

దీనికి తోడు 91వ రోజు సంగతి ఉంది. గీత 90 దగ్గర గీస్తే, ఫాలోఅప్ ఫోన్లు ఆ రోజుతో ఆగిపోతాయి. హాస్టల్ సమస్యో, సూపర్‌వైజర్ వేధింపో వచ్చినప్పుడు ఆ పిల్లలు చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు. అమెరికాలో 2014 నాటి వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ చట్టం, కార్యక్రమం నుంచి బయటికొచ్చాక రెండో త్రైమాసికంలోనూ నాలుగో త్రైమాసికంలోనూ పనిలో ఉన్నారా అని చూస్తుంది, ఆ లెక్కలో యజమాని ఎవరన్నది పట్టించుకోదు. నేను రాయించే షరతు కూడా ఆ దిశలోనే ఉంటుంది: చేరిన నాటి నుంచి 120 రోజుల్లో ఎవరి దగ్గరైనా సరే మొత్తం 90 రోజులు పని, మధ్యలో ఖాళీ ముప్పై రోజులకు మించకూడదు, మారినచోట జీతం తగ్గకూడదు, ఆరో నెలలో ఇంకో చిన్న చెల్లింపు. ఆ చివరి చెల్లింపు మొత్తం చిన్నదే. ఫోన్ చేసే ఉద్యోగి జీతానికి సరిపోతే చాలు.