‘సోల్డ్ బై’ వెనక కథ: అమెజాన్ మన దేశంలోకి దిగిన తీరు

అమెజాన్‌లో ఏ వస్తువు పేజీ తెరిచినా ఒక పక్కన చిన్న అక్షరాలతో ‘సోల్డ్ బై’ అని, దాని ఎదురుగా ఒక పేరు ఉంటుంది. చాలామంది అది చూడరు, చూసినా పట్టించుకోరు. డబ్బు అమెజాన్‌కే కట్టాం, అట్టపెట్టె మీద వాళ్ల గుర్తే ఉంది, మధ్యలో ఇంకెవరో అమ్మితే మనకేంటి అనుకుంటారు. అమెరికాలో చాలా వస్తువులకి ఆ చోట అమెజాన్ పేరే ఉంటుంది. మన దగ్గర చాలావాటికి అలా ఉండటానికి రూల్స్ ఒప్పుకోవు. వ్యాపారుల ధర్నాలు, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ విచారణలు, ఈడీ సోదాలు, ఇలా ఆన్‌లైన్ షాపింగ్ మీద పేపర్లలో వచ్చే గొడవలు చాలావరకు ఈ ఒక్క లైన్ దగ్గరికే వచ్చి ఆగుతాయి. అది ఎందుకలా ఉందో తెలియాలంటే 2013 జూన్‌కి ముందు ఏం జరిగిందో చూడాలి.

1994లో జెఫ్ బెజోస్ సియాటెల్ ప్రాంతంలో కంపెనీ పెట్టి, మరుసటి ఏడాది జులైలో పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టాడు. బయటి దేశాలకి వెళ్లడానికి ఎక్కువ కాలం ఆగలేదు. 1998లోనే బ్రిటన్‌లో ఒకటి, జర్మనీలో ఒకటి ఆన్‌లైన్ పుస్తకాల కంపెనీల్ని కొని వాటికి అమెజాన్ పేరు తగిలించారు. 2000లో ఫ్రాన్స్, జపాన్. 2004లో చైనాలో జోయో అనే కంపెనీని దాదాపు 7.5 కోట్ల డాలర్లకి కొన్నారు. ముందు పుస్తకాలతో అడుగు పెట్టడం, జనం అలవాటు పడ్డాక మిగతా సరుకులు తేవడం. ఈ పద్ధతి అన్నిచోట్లా నడిచింది గానీ చైనాలో నడవలేదు. అలీబాబా, జేడీ లాంటి అక్కడి కంపెనీలు వీళ్లని లేవనివ్వలేదు, చివరికి 2019 జులైలో ఆ దేశంలో స్థానిక అమ్మకాలు ఆపేసుకున్నారు. ఆ ఓటమి 2012 నాటికే కళ్ల ముందు కనబడుతోంది. చైనా పోయాక వంద కోట్ల పైన జనం ఉన్న దేశం ఇంకొకటే మిగిలింది కాబట్టి, ఇండియాలో అమెజాన్ చూపించిన ఆత్రం, కుమ్మరించిన డబ్బు చాలావరకు ఆ దెబ్బ ఫలితమే అని నా లెక్క.

ఇక్కడ పరిస్థితి వేరు. ఆన్‌లైన్ అమ్మకాలు మనకి అప్పటికే కొత్త కాదు. 1999లో ఫ్యాబ్‌మార్ట్ మొదలైంది, ఆ తర్వాత బాజీ డాట్ కామ్ వచ్చింది, దాన్ని 2004లో ఈబే 5 కోట్ల డాలర్లకి కొంది. కానీ క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లు కొద్దిమంది, ఇంట్లో నెట్ ఉన్నవాళ్లు ఇంకా కొద్దిమంది, మిగతావాళ్లకి గంటకి ఇంత అని కట్టే నెట్ సెంటరే గతి. కంటితో చూడని వస్తువుకి ముందే డబ్బు కట్టడం ఎవరికి నచ్చుతుంది?

2007 అక్టోబర్లో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగళూరు కోరమంగలలో నాలుగు లక్షల రూపాయలతో ఫ్లిప్‌కార్ట్ పెట్టారు. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరూ చుట్టాలు కారు. అంతకుముందు ఇద్దరూ పనిచేసింది అమెజాన్ బెంగళూరు ఆఫీసులోనే. అమెజాన్ 2004 నుంచి ఇక్కడ ఇంజనీర్లని పెట్టుకుని సాఫ్ట్‌వేర్ రాయించుకుంటోంది, అమ్మకం మాత్రం లేదు. ఫ్లిప్‌కార్ట్‌కి వచ్చిన మొట్టమొదటి ఆర్డర్ మన మహబూబ్‌నగర్ నుంచి, ఒక ఇంగ్లిష్ పుస్తకం కోసం. బెంగళూరో ముంబయో కాకుండా పాలమూరు నుంచి రావడం చిత్రమే గానీ, ఆలోచిస్తే అందులో ఆశ్చర్యం లేదు. పెద్ద ఊళ్లో ఉన్నవాడికి పుస్తకాల షాపు ఉంటుంది, చిన్న ఊళ్లో ఉన్నవాడికే పోస్టులో తెప్పించుకోవాల్సిన అవసరం. విజయవాడ, రాజమండ్రి పబ్లిషర్లకి కార్డు ముక్క రాసి వి.పి.పి.లో పుస్తకాలు తెప్పించుకుని, పోస్ట్‌మ్యాన్ చేతికి డబ్బులిచ్చి పార్సిల్ విప్పుకున్న తరం మనది. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెడితే పేపర్లన్నీ అదేదో కొత్త ఆవిష్కరణ అన్నట్టు రాశాయి, తపాలా శాఖ మాత్రం అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే ఆ పని చేస్తోంది. ఏదేమైనా ఆ ఒక్క సౌకర్యంతో ఆన్‌లైన్ కొనుగోలు కార్డు లేని ఇళ్లలోకి వెళ్లింది. 2011, 2012 వచ్చేసరికి అమెజాన్ చూస్తున్నది ఖాళీ మైదానాన్ని కాదు, తన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్లు అప్పటికే దున్నిన పొలాన్ని.

మరి అప్పుడే ఎందుకు దిగలేదు? అడ్డం వచ్చింది విదేశీ పెట్టుబడుల విధానం. హోల్‌సేల్‌లో విదేశీ కంపెనీలకి నూరు శాతం ఓకే, 2006 నుంచి ఒకే బ్రాండ్ అమ్మే షాపుల్లో 51 శాతం ఓకే, కానీ అన్ని రకాల సరుకూ నేరుగా వినియోగదారుడికి అమ్మే దుకాణంలోకి విదేశీ డబ్బు రాకూడదు. దీని మీద జరిగిన రాజకీయం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2011 నవంబర్లో మన్మోహన్ ప్రభుత్వం మల్టీ బ్రాండ్ రిటైల్‌లో 51 శాతానికి ఒప్పుకుంది, పార్లమెంటు స్తంభించింది, రెండు వారాల్లోనే వెనక్కి తగ్గింది. మళ్లీ 2012 సెప్టెంబర్లో ధైర్యం చేసి ప్రకటించింది, ఈసారి మమతా బెనర్జీ ఏకంగా యూపీఏ నుంచే బయటికి వెళ్లిపోయారు. కనీసం 10 కోట్ల డాలర్లు తేవాలి, 10 లక్షల జనాభా దాటిన నగరాల్లోనే ప్రధానంగా షాపులు పెట్టాలి, రాష్ట్రం ఒప్పుకుంటేనే, ఇలా షరతులు చాలా పెట్టారు. ఒప్పుకుంటామన్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఆ గోలంతా అమెరికా సూపర్ మార్కెట్ల కంపెనీ వాల్‌మార్ట్ చుట్టూ తిరిగింది. వాల్‌మార్ట్ వస్తే కిరాణా కొట్టు మూతపడుతుందని ఊరేగింపులు, టీవీ చర్చలు. ఆ సందట్లో అదే విధానంలోని ఇంకో మాట చాలామంది దృష్టికి రాలేదు. విదేశీ పెట్టుబడి ఉన్న రిటైల్ కంపెనీ ఇంటర్నెట్‌లో అమ్మడానికి వీల్లేదు. అసలు పోటీ ఎటునుంచి వస్తుందో ఇటు నాయకులూ చూడలేదు, అటు వ్యాపార సంఘాలూ చూడలేదు. వాల్‌మార్ట్ సొంత పేరుతో ఇక్కడ సూపర్ మార్కెట్ తెరవనే లేదు, 2018లో 1,600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొనుక్కుంది.

అమెజాన్ అప్పుడు చేసిన పని ఏమిటంటే పక్క దారి వెతుక్కోవడం. 1998లో అమెరికాలో జంగ్లీ అనే చిన్న కంపెనీని కొంది, పెట్టినవాళ్లు మన దేశం నుంచి వెళ్లిన ఇంజనీర్లే. వేర్వేరు సైట్లలో ఏ వస్తువు ఎంతకి దొరుకుతుందో వెతికి చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. మూలన పడి ఉన్న ఆ పేరుని దులిపి 2012 ఫిబ్రవరిలో జంగ్లీ డాట్ కామ్ అని ఇండియాలో తెరిచారు. అందులో ఏదీ కొనలేం, ధరలు పోల్చుకుని నొక్కితే అది అమ్మేవాడి సైటుకి పోతాం. అమ్మకమే లేదు కాబట్టి రూల్ అడ్డం రాదు. ఈలోగా జనం ఏం వెతుకుతున్నారు, ఏ ధర దగ్గర ఆగుతున్నారు, ఏ వ్యాపారి దగ్గర ఏ స్టాక్ ఉంది అన్నదంతా అమెజాన్‌కి తెలిసిపోతుంది. దుకాణం తెరవడానికి ఏడాది పైన ముందే బజారు సర్వే అయిపోయింది.

2013 జూన్ 5న అమెజాన్ డాట్ ఇన్ తెరుచుకుంది, ఎప్పటిలాగే పుస్తకాలు, సినిమా డీవీడీలతో. నడిపించింది అమిత్ అగర్వాల్, 1999 నుంచి కంపెనీలో ఉన్నవాడు, కొన్నాళ్లు బెజోస్ పక్కనే సలహాదారుగా పనిచేసినవాడు. మొదటి గోడౌన్ ముంబయిలో కాకుండా నగరం బయట భివండీలో పెట్టారు. ముంబయి మున్సిపల్ హద్దుల్లోకి సరుకు వస్తే ఆక్ట్రాయ్ అనే ప్రవేశ పన్ను కట్టాలి, అందుకే పెద్ద పెద్ద గోడౌన్లన్నీ అప్పట్లో భివండీ చుట్టూనే లేచాయి. అమ్మేవాళ్లు మొదట్లో వంద మంది పైచిలుకు.

ఇక్కడే అమెజాన్ మొదటిసారి తన అలవాటుకి విరుద్ధంగా నడవాల్సి వచ్చింది. మిగతా దేశాల్లో ముందు తను కొని తను అమ్మేది, ఆ తర్వాతే బయటి సెల్లర్లకి చోటిచ్చేది. ఇక్కడ మొదటి రోజు నుంచీ అమ్మేదంతా బయటివాళ్లే. ఊరి సంతలో వేలం పాట పాడుకుని ఆశీలు వసూలు చేసేవాడు ఉంటాడు చూడండి, సంత వాడిదే, సరుకు మాత్రం వాడిది కాదు. అమెజాన్‌కి రూల్స్ ఇచ్చిన స్థానం అదీ. అన్నిటికంటే పెద్ద ఆన్‌లైన్ కొట్టు వచ్చి ఆశీలు పాటదారుగా కూర్చోవాలంటే సరిపెట్టుకుంటుందా అన్నదే ఆ తర్వాతి కథంతా.

ముందు సరిపెట్టుకున్నట్టే కనబడింది. కంప్యూటర్ ముట్టుకోని వ్యాపారుల దగ్గరికి టీ బండ్లు పంపించింది, టీ తాగించి ఆన్‌లైన్‌లో ఎలా అమ్మాలో చెప్పే ‘చాయ్ కార్ట్’ అన్నమాట. ఊళ్లలో కిరాణా కొట్లనే డెలివరీ పాయింట్లుగా మార్చింది, కొట్టాయనే మధ్యాహ్నం బేరాల్లేని వేళ చుట్టుపక్కల పార్సిళ్లు ఇచ్చి వస్తాడు, పార్సిల్‌కి ఇంత అని డబ్బు. 2015లో హైదరాబాద్ పక్కన కొత్తూరులో పెద్ద గోడౌన్ తెరిచింది. డబ్బుకైతే లెక్కే లేదు. 2014 జులైలో ఫ్లిప్‌కార్ట్ వంద కోట్ల డాలర్లు సమీకరించామని ప్రకటిస్తే, మర్నాడే అమెజాన్ రెండు వందల కోట్ల డాలర్లు పెడతామంది. ఆ సెప్టెంబర్లో బెజోస్ బెంగళూరు వచ్చి రంగులేసిన లారీ ఎక్కి, అంత మొత్తం రాసిన పెద్ద అట్ట చెక్కు అమిత్ అగర్వాల్ చేతికిచ్చి ఫొటోలు దిగాడు. 2016లో ఇంకో మూడు వందల కోట్ల డాలర్లు.

కానీ ధర ఎంత ఉండాలి, స్టాక్ ఎంత ఉండాలి అన్నది తన చేతిలో లేకుండా అమెజాన్ లాంటి కంపెనీ వ్యాపారం చేయలేదు. దానికి కనిపెట్టిన ఉపాయం క్లౌడ్‌టెయిల్. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుటుంబానికి చెందిన కాటమరాన్‌కి 51 శాతం, అమెజాన్‌కి 49 శాతం వాటాతో ప్రయోన్ అనే కంపెనీ, దాని కింద క్లౌడ్‌టెయిల్. కాగితం మీద అది అందరిలాంటి సెల్లరే. తర్వాత అదే దారిలో పట్నీ కుటుంబంతో కలిసి అపారియో వచ్చింది. ఫ్లిప్‌కార్ట్ ఇంతకుముందే డబ్ల్యూఎస్ రిటైల్ అనే సంస్థతో చేసిన పని ఇదే. 2021లో రాయిటర్స్ బయటపెట్టిన కంపెనీ అంతర్గత పత్రాల ప్రకారం, 2019 మొదట్లో నాలుగు లక్షల పైన సెల్లర్లుంటే అమ్మకాల్లో మూడింట రెండొంతులు 35 మంది ద్వారానే జరిగాయి. తన సైటులో ఏ సెల్లర్‌నీ ఎక్కువగా చూడనని అమెజాన్ అంటూ వచ్చింది, ఆ లెక్క చూశాక నమ్మడం కష్టం.

ప్రభుత్వం వెంటపడుతూనే ఉంది గానీ ప్రతిసారీ ఒక అడుగు వెనకే. 2016 మార్చిలో మార్కెట్‌ప్లేస్‌కి, అంటే బయటివాళ్లు అమ్ముకునే సైటుకి, నూరు శాతం విదేశీ పెట్టుబడి ఓకే అని మొదటిసారి స్పష్టంగా చెప్పి, ఒక్క సెల్లర్ సైటు అమ్మకాల్లో 25 శాతం మించి అమ్మకూడదని షరతు పెట్టింది. 2018 డిసెంబర్లో, అంటే ఎన్నికలు కొద్ది నెలలుండగా, మార్కెట్‌ప్లేస్ కంపెనీకి వాటా ఉన్న సంస్థ ఆ సైటులో అమ్మనే కూడదు అంది. వెంటనే అమెజాన్ ప్రయోన్‌లో తన వాటాని 24 శాతానికి తగ్గించుకుంది, దాంతో క్లౌడ్‌టెయిల్ తన గ్రూప్ కంపెనీ లెక్కలోకి రాకుండా పోయింది, అది మళ్లీ అమ్మడం మొదలుపెట్టింది. చివరికి ఆ భాగస్వామ్యం 2022లో ముగిసింది.

ఇన్నేళ్లలో చిన్న షాపుల అసలు బాధ ఇంకొకటి. 2014 ఫిబ్రవరిలో మోటో జి ఫ్లిప్‌కార్ట్‌లోనే దొరికింది, జులైలో షావోమీ అంతే, డిసెంబర్లో వన్‌ప్లస్ అమెజాన్‌లోనే. అబిడ్స్ జగదీష్ మార్కెట్లో సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్నవాడి దగ్గరికి గిరాకీ వచ్చి ఆ ఫోన్ అడిగితే, తెప్పించడానికి వాడికి డీలరే లేడు. బేరం చేసి పది రూపాయలు తగ్గించడం వాడికి వచ్చు, లేని సరుకు అమ్మడం రాదు కదా. ‘సోల్డ్ బై’ దగ్గర ఎవరి పేరున్నా వాడికి ఒరిగేది ఏముంది? ఇంకో సంగతి, విదేశీ వాటా లేని మన పెద్ద కంపెనీలకి ఈ రూల్ వర్తించదు, వాళ్లు సరుకు కొని పెట్టుకుని ఆన్‌లైన్‌లో ఎంతైనా అమ్ముకోవచ్చు. కిరాణా కొట్టు పేరు చెప్పి పెట్టిన కంచె వల్ల ఎక్కువ మేలు పొందింది ఆ కొట్టుకి ఎదురుగా సూపర్ మార్కెట్ తెరిచినవాళ్లేనేమో అని నా అనుమానం.

2020 జనవరిలో బెజోస్ మళ్లీ వచ్చి, చిన్న వ్యాపారులని ఆన్‌లైన్‌కి తేవడానికి ఇంకో వంద కోట్ల డాలర్లు ఇస్తానంటే, అలా పెట్టుబడి పెట్టి మనకేదో ఉపకారం చేస్తున్నట్టు కాదని అప్పటి వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ మొహం మీదే అన్నంత పని చేశారు. 2014 నాటి లారీ ఫొటోకీ ఈ మాటకీ మధ్య ఆరేళ్లు కూడా లేవు. ఆ పర్యటనకి సరిగ్గా ముందే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకి ఆదేశించింది.

అమెజాన్ తెలుగు యాప్ 2020 సెప్టెంబర్లో వచ్చింది, హిందీ వచ్చిన రెండేళ్లకి. పుస్తకాలతో మొదలైన కంపెనీ 2016లో ఐదు భారతీయ భాషల్లో కిండిల్ ఈ-పుస్తకాలు తెస్తే అందులో తెలుగు లేదు. ప్రపంచంలోనే అతి పెద్ద అమెజాన్ ఆఫీసు భవనం మాత్రం 2019 నుంచి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉంది.

కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తు విభాగం రెండు కంపెనీలూ కొందరు సెల్లర్లకే మేలు చేశాయని తేల్చినట్టు 2024లో వార్తలొచ్చాయి. ఆ నవంబర్లో పెద్ద సెల్లర్ల ఆఫీసుల్లో ఈడీ సోదాలు జరిగాయి. సెల్లర్లు, ఫోన్ల కంపెనీలు వేర్వేరు హైకోర్టుల్లో వేసిన కేసుల్ని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక్కచోట చేర్చి కర్ణాటక హైకోర్టుకి పంపించింది.