గురక తగ్గింది, నిద్ర చాలడం లేదు

మా బాబాయ్‌కి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉందని తేలాక, ముక్కుకు మాస్కు పెట్టి ఒత్తిడితో గాలి పంపే మిషన్ తన వల్ల కాదన్నారు. పళ్ల డాక్టరు రాత్రి తొడుక్కునే పరికరం చేసిచ్చారు. అది కింది దవడను ముందుకు పట్టి ఉంచుతుంది. దవడతో పాటు నాలుకా ముందుకొచ్చి, గొంతు వెనక గాలి దారి తెరుచుకుంటుంది.

మూడు నెలలకు పిన్ని ఫోన్ చేసింది. "గురక తగ్గిందిరా. కానీ మీ బాబాయ్ చెరువు గట్టు మీద కూర్చున్నచోటే తూగుతున్నారు."

ఆ మాటతో నాకు టెన్షన్ పట్టుకుంది. చప్పుడు తగ్గినంత మాత్రాన ఊపిరి సరిగ్గా ఆడుతున్నట్టు కాదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని బాబాయ్‌కి బాగా తెలుసు. నీళ్లు చూసి సరిపెట్టుకోరు, మీటరు పెట్టి చూస్తారు. మనిషికీ అదే చేయాలి. పరికరం నోట్లో ఉండగానే మళ్లీ స్లీప్ టెస్ట్ చేయించాలి. ఊపిరి 10 సెకన్లు లేదా అంతకు మించి ఆగడం, బాగా సన్నబడడం గంటకు ఎన్నిసార్లు జరిగిందో లెక్కేస్తారు. 5 లోపు మామూలు, 15 నుంచి మధ్యస్థం, 30 నుంచి తీవ్రం. బాబాయ్ లెక్క 28 నుంచి 16కే దిగింది.

ఇంట్లో చేసే టెస్టులు చాలావరకు మెదడు తరంగాలను నమోదు చేయవు. అందుకని నిజంగా నిద్రపోయిన సమయమెంతో తేలక, అంకె ఉన్నదానికన్నా తక్కువ రావచ్చు. అంకె బాగుండి మగత మాత్రం పోకపోతే ల్యాబ్‌లో చేయించడమే మంచిది.

మరి ఎందుకు చాలలేదు? శివారు చేలకు నీళ్లందకపోతే కాలువ గట్టు వెంట నడిచి, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందో వెతుకుతాం కదా, ఇదీ అంతే. ముందు, పరికరం రోజూ రాత్రంతా ఉంటోందా? చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూడ్డానికి లేచినప్పుడు తీసేసి, మళ్లీ పెట్టుకోవడం మర్చిపోతున్నారా? అసలు నిద్రే చాలకపోయినా మగత ఉంటుంది. దవడను ఇంకొంచెం ముందుకు జరపొచ్చా? ఇది మిల్లీమీటర్ల లెక్కన, దవడ కీలు నొప్పి, పళ్ల కలయిక గమనిస్తూ చేసే పని. ముక్కు దిబ్బడ, పెరిగిన బరువు, రాత్రి తాగే మద్యం, నిద్రమాత్రలు, థైరాయిడ్ కూడా చూడాలి. మెదడు నుంచే ఊపిరి తీయమనే ఆదేశం రాకపోతే దవడ ఎంత జరిపినా లాభం లేదు.

గొంతు ఏ చోట మూసుకుంటోందన్నది ఇంకా కీలకం. తేలికపాటి మత్తుతో నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్నని కెమెరా పంపి చూసే పరీక్ష ఉంది. డాక్టరు చేత్తో దవడను ముందుకు లాగి, దారి తెరుచుకుంటోందో లేదో కళ్లారా చూస్తారు. నాలుక వెనక ఇరుకైతే చాలాసార్లు తెరుచుకుంటుంది. అంగిలి దగ్గర గోడలు చుట్టూరా ముడుచుకుంటుంటే పరికరంతో ఆశ తక్కువ. అప్పుడు మాస్కు మిషన్ సంగతి మళ్లీ ఆలోచించాల్సిందే. పరికరంతో పాటు వాడితే గాలి ఒత్తిడి తక్కువ పెట్టినా సరిపోవచ్చు.

బాబాయ్‌కి ఆ కెమెరా దాకా పోవాల్సిన పని పడలేదు. రిపోర్టులో ఊపిరి ఆగినవి దాదాపు అన్నీ వెల్లకిలా పడుకున్నప్పుడే ఉన్నాయి. పక్కకు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకుంటున్నారు, దవడను కాస్త జరిపారు. నెలాఖరుకు మళ్లీ టెస్ట్. అది వచ్చేదాకా కారు తాళాలు పిన్ని దగ్గరే ఉన్నాయి. భీమవరం వెళ్లాలన్నా మా తమ్ముడే నడుపుతున్నాడు.